అత్యవసర అధికారం ఇచ్చాక సభ దాన్ని వెనక్కి తీసుకోగలదా?

"అమెరికా అధ్యక్షుడు ఎమర్జెన్సీ పెడితే కాంగ్రెస్ మెజారిటీతో రద్దు చేసేయొచ్చు కదా, ఇక భయమెందుకు?" అని ఒకరు అడిగారు. (కాంగ్రెస్ అంటే మన పార్టీ కాదు, వాళ్ల పార్లమెంటు.) నాకు ఈ లెక్క తెలిసొచ్చింది బెంగళూరులో, మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్ మీటింగులో.

2024 వేసవిలో బోర్లు ఎండిపోయాయి. ట్యాంకరువాడు అడిగినంత అప్పటికప్పుడు ఇవ్వాలి. ప్రతిసారీ మీటింగు పెట్టలేమని, ఎవరినీ అడక్కుండా ఖర్చుపెట్టే అధికారం ప్రెసిడెంటుకి ఇచ్చేశాం. చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. పది నిమిషాల పని. వానలు పడ్డాయి, ట్యాంకర్లు ఆగాయి, అధికారం మాత్రం ఆగలేదు. దాంతోనే లాబీకి రంగులు, గేటుకి కెమెరాలు వచ్చాయి. రద్దు చేద్దామంటే మా బైలా ప్రకారం మూడింట రెండొంతుల ఓట్లు కావాలట! సగానికి పైగా మావైపే ఉన్నా చాలలేదు. "ఇచ్చేటప్పుడు చెయ్యెత్తితే చాలు, తీసుకునేటప్పుడు కాళ్లు పట్టుకోవాలి బాబూ" అన్నారు మా ఎదురు ఫ్లాటు నెల్లూరు పెద్దాయన.

అమెరికాలోనూ అదే తంతు. 1976 నాటి జాతీయ ఎమర్జెన్సీల చట్టం ప్రకారం మొదట్లో ఉభయ సభలు తీర్మానం చేస్తే ఎమర్జెన్సీ పోయేది, అధ్యక్షుడి సంతకంతో పనిలేదు. 1983లో చాధా అనే వేరే కేసులో వాళ్ల సుప్రీంకోర్టు అలాంటి ఏర్పాట్లు చెల్లవంది. 1985లో చట్టం మార్చారు. అప్పట్నుంచి ఎవరి అధికారం తీసెయ్యాలో ఆయనే సంతకం పెట్టాలి! పెట్టనంటే వీటో. దాన్ని తోసెయ్యాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు.

2019లో ఇది కళ్లారా చూశాం. సరిహద్దు గోడకి ట్రంప్ 570 కోట్ల డాలర్లు అడిగారు, 35 రోజులు ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డాయి, అయినా అంత డబ్బు రాలేదు. ఆ డబ్బు వేరే పద్దుల్లోంచి తీసుకోవడానికి ఫిబ్రవరి 15న ఎమర్జెన్సీ ప్రకటించారు. ఎగువ సభ సెనేట్‌లో ఆయన సొంత పార్టీవాళ్లు 12 మంది కూడా కలిసి 59-41తో రద్దు చేయమన్నారు. ఆయన వీటో చేశారు. ఆ వీటోని తోసెయ్యాలని మార్చి 26న దిగువ సభలో ఓటేస్తే 248-181. మెజారిటీయే, కానీ ఇంకో 38 ఓట్లు తగ్గాయి. అంతే, ఎమర్జెన్సీ నిలిచింది.

మనవాళ్లు 1975 దెబ్బ తిన్నాక దీన్ని తిరగేసి రాసుకున్నారు. 44వ సవరణ తర్వాత జాతీయ అత్యవసర పరిస్థితికి నెలలోపు ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీ (ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు, పైగా మొత్తం సభ్యుల్లో సగానికి పైన) కావాలి, ఆరు నెలలకోసారి మళ్లీ కావాలి. తీసెయ్యడానికి మాత్రం లోక్‌సభలో మామూలు మెజారిటీ చాలు. పెట్టడం కష్టం, తియ్యడం తేలిక. ఆ సవరణకి సంతకం పెట్టిన రాష్ట్రపతి మన నీలం సంజీవరెడ్డిగారే.

మా పాత ప్రెసిడెంటు దిగిపోయాకే ఆ అధికారం పోయింది. మొన్న వేసవికి కొత్తాయనకీ ఇచ్చాం గానీ, జూన్ 30తో దానంతటదే రద్దయ్యేలా రాశాం. నెల్లూరు పెద్దాయన మాత్రం ఈసారీ చెయ్యెత్తలేదు.