స్లీవ్స్ మీది 50+ ను నమ్మొచ్చా? ఎండ బట్టల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: హనుమకొండ చౌరస్తా దగ్గర 120 రూపాయలు పెట్టి స్కూటీ మీద వేసుకునే చేతి స్లీవ్స్ కొన్నాను. అట్ట మీద 'యూపీఎఫ్ 50+' అని పెద్ద అక్షరాలతో ఉంది. రెండు నెలలకే చేతులు నల్లబడ్డాయి. అడిగితే షాపాయన "అందరూ ఇవే కొంటున్నారమ్మా" అన్నాడు. అసలు ఈ 50+ ఎవరిస్తారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చాలావరకు తయారుచేసినవాళ్లే ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ రిపోర్టును బట్టి అచ్చేసుకుంటారమ్మా. పరీక్ష చేయించకుండానే అచ్చేసుకునేవాళ్లూ ఉంటారు, చిక్కంతా వాళ్లతోనే. యూపీఎఫ్ 50 అంటే గుడ్డ మీద పడిన యూవీ కిరణాల్లో (ఎండలో ఉండి చర్మాన్ని కందించే, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు) యాభయ్యో వంతు, అంటే నూటికి రెండు వంతులే లోపలికి దిగుతాయని అర్థం. 15 అయితే నూటికి దాదాపు ఏడు దిగుతాయి. ఎండకు రాసుకునే సన్‌స్క్రీన్ క్రీముల మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకెను మనుషుల చర్మం ఎంతసేపటికి కందుతుందో చూసి తేలుస్తారు. బట్టకు అలా కాదు, గుడ్డ ముక్కను స్పెక్ట్రోఫోటోమీటర్ అనే కిరణాలను కొలిచే యంత్రంలో పెట్టి, 290 నుంచి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దాకా ఏ కిరణం ఎంత దిగుతోందో కొలుస్తారు, చర్మాన్ని ఎక్కువగా కందించే కిరణాలను ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటారు. చర్మ క్యాన్సర్ బాధ ఎక్కువగా ఉన్న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లు 1996లో దీనికి ప్రమాణం రాసుకున్నారు, 2017లో సవరించినప్పుడు గుడ్డ ఒక్కటే బాగుంటే చాలదు, ఆ బట్ట ఒంటిని ఎంతమేర కప్పుతోందో కూడా చూడాలన్నారు.

ఇప్పుడు మీ స్లీవ్స్ సంగతి. ల్యాబ్‌లో గుడ్డను లాగకుండా, పొడిగా ఉన్నప్పుడు కొలుస్తారు. మనమేమో బిగుతుగా లాగి తొడుక్కుంటాం. నేను ఇలాంటి జత ఒకటి తొడుక్కుని కిటికీ దగ్గర నిలబడి చూశాను. మణికట్టు దగ్గర గుడ్డ నల్లగా, చిక్కగా ఉంది. మోచేయి పైన సాగిన చోట మాత్రం పోగుల మధ్య సన్నని నిచ్చెనలా సందులు పడి, చర్మం రంగు బయటికి కనిపించింది. ఆ సందుల్లోంచి ఎండ దిగకుండా ఎలా ఉంటుంది? ఈసారి ఒక సైజు పెద్దవి కొనండి, వదులుగా ఉన్నా పర్వాలేదు. కొనేముందు ట్యాగ్ మీద ప్రమాణం నంబరు ఉందేమో చూడండి: ఆస్ట్రేలియాది 4399, యూరప్‌ది 13758, అమెరికా పరీక్షది 183. బట్ట మీద 'ఎస్‌పీఎఫ్ 50' అని ఉంటే వాళ్లకు పరీక్ష సంగతే తెలియదనుకోండి. 'యూపీఎఫ్ 100' అని ఉన్నా అంతే, ఆస్ట్రేలియా ప్రమాణంలో 50 దాటితే ఎంతైనా 50+ అనే రాయాలి. నంబరు ఉన్నంత మాత్రాన నిజమైపోదు, కానీ అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లేబుల్ కూడా ప్రకటన కిందికే వస్తుంది, కాబట్టి అబద్ధం రాస్తే ఫిర్యాదు చేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. బిల్లు మాత్రం దాచుకోండి.

ప్రశ్న: మా అమ్మ మిరపకాయలు ఏరడానికి కూలికి పోతుంది. చీర మీద నాన్న పాత చొక్కా వేసుకుని, తలకు తువ్వాల చుట్టుకుంటుంది. ఆన్‌లైన్‌లో 1,500 పెట్టి ఎండ చొక్కా కొనిద్దామంటే వద్దంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: అమ్మ మాట వినండి బాబూ. ఎండ చొక్కా అని వేరే ఏమీ లేదు. గుడ్డ చిక్కగా, కాస్త మందంగా, ముదురు రంగులో ఉంటే అది మామూలు చొక్కా అయినా ఆ పని చేస్తుంది. ముదురు నీలం జీన్స్ గుడ్డ 50+ ను ఎప్పుడో దాటిపోతుంది. పాలిస్టర్ దారానికి కొంత యూవీని పీల్చుకునే గుణం సహజంగానే ఉంది. బ్లీచింగ్ చేయని ముతక నూలు గుడ్డ కూడా తెల్లగా బ్లీచ్ చేసినదాని కంటే మెరుగు, పత్తిలో పుట్టుకతో ఉండే రంగు పదార్థాలు కొంత యూవీని ఆపుతాయి. బలహీనం ఏదంటే మనం చల్లగా ఉంటుందని ఇష్టంగా వేసుకునే పలచటి తెల్ల కాటన్. దానికి యూపీఎఫ్ 5 నుంచి 7 దాకా వస్తే ఎక్కువ, చెమటకు తడిసి ఒంటికి అంటుకుంటే 3 దగ్గరికి పడిపోతుంది. మీ నాన్న చొక్కా అలాంటిదే అయితే, లేదా భుజాల మీద అరిగి జల్లెడలా అయిపోయి ఉంటే, 1,500 అక్కర్లేదు, ముదురు రంగులో వదులుగా ఉండే ఫుల్‌హ్యాండ్స్ చొక్కా ఒకటి, మార్చుకోవడానికి ఇంకొకటి కొనివ్వండి. తువ్వాల మీద అంచున్న టోపీ కూడా పెట్టుకుంటే మెడకు, చెవులకు నీడ వస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. యూపీఎఫ్ యూవీ గురించే చెప్తుంది, వేడి గురించి కాదు. 44 డిగ్రీల్లో 50+ చొక్కా వేసుకున్నవాళ్లకూ వడదెబ్బ తగులుతుంది. పని పొద్దున్నే మొదలుపెట్టి, నడినెత్తికి ఎండ వచ్చేలోపు చెట్టు కిందికి రమ్మనండి, నీళ్ల డబ్బా దగ్గర పెట్టుకోమనండి.

ప్రశ్న: గీసుగొండ దగ్గర చిన్న కుట్టు యూనిట్ నడుపుతున్నాం. మిల్లువాళ్లు గుడ్డకు 50+ సర్టిఫికెట్ ఇచ్చారు. మేం నాలుగు రంగులు అద్దించి కుట్టిస్తాం. అదే ట్యాగ్ వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వేయకండి. సర్టిఫికెట్ ఆ ముక్కకే వర్తిస్తుంది. అద్దకంతో, ఫినిషింగ్‌తో అంకె మారిపోతుంది. మీ నాలుగు రంగుల్లో లేతదాన్ని తప్పనిసరిగా, వీలైతే నాలుగింటినీ, ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న టెక్స్‌టైల్ ల్యాబ్‌కు పంపండి. ముందే ఫోన్ చేసి ఈ పరీక్ష వాళ్ల గుర్తింపు జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. అమెరికా పద్ధతిలో పరీక్షకు ముందు గుడ్డను 40 సార్లు ఉతికి, ఎండను పోలిన వెలుతురులో ఉంచుతారు. మీరు అంత చేయించలేకపోయినా, ఉతక్క ముందు ఒకసారి, ఓ ఇరవై ఉతుకుల తర్వాత ఒకసారి కొలిపించి, తక్కువ వచ్చిన అంకెనే ట్యాగ్ మీద వేయండి. 30 వస్తే 30 అనే రాయండి, అదీ మంచి అంకే. ఏ ప్రమాణం ప్రకారం, ఏ ల్యాబ్‌లో, ఏ నెలలో పరీక్షించారో కింద ఒక్క లైను చేర్చండి.

ప్రశ్న: ఉతికితే ఎండను ఆపే గుణం పోతుందా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: గుడ్డను బట్టి ఉంటుంది. కొత్త కాటన్ ఒకటి రెండు ఉతుకులకు కుదించుకుని పోగులు దగ్గరవుతాయి కాబట్టి యూపీఎఫ్ పెరుగుతుంది కూడా. పైపూతగా యూవీని ఆపే మందు పెట్టిన గుడ్డల్లో పూత నిలవకపోతే తగ్గుతుంది. అరిగినా, ఎలాస్టిక్ సాగిపోయినా, రంగు వెలిసినా తగ్గుతుంది. అలాంటిది ఇంట్లో వాడుకోండి, ఎండకు వేసుకెళ్లకండి.