అడాప్టివ్ షెడ్యూలర్‌లో ఒకే జాబ్ రెండుసార్లు నడుస్తోంది, టెస్టుల్లో మాత్రం దొరకడం లేదు. ఎలా పట్టుకోవాలి?

వర్కర్ల వేగాన్ని బట్టి పని పంచే షెడ్యూలర్ మీది. యూనిట్ టెస్టులన్నీ పాసవుతున్నాయి, కానీ లోడ్ పెరిగినప్పుడు ఒకే జాబ్ రెండు వర్కర్లలో నడిచి ఫలితం రెండుసార్లు పడుతోందని అడిగారు. మా టీమ్‌లో దాదాపు ఇదే సమస్యతో చాలాకాలం కుస్తీ పట్టాం.

జాబ్ రెండుసార్లు నడవకుండా పూర్తిగా ఆపాలని చూడకండి, అది కుదరదు. హార్ట్‌బీట్ (బతికే ఉన్నానని వర్కర్ తరచూ పంపే సంకేతం) రాలేదంటే వర్కర్ చనిపోయిందో, నెమ్మదించిందో, నెట్‌వర్క్ తెగిందో షెడ్యూలర్‌కి కచ్చితంగా తెలిసే దారి లేదు. పైగా కావాలనే రెండుసార్లు నడిపే సిస్టమ్స్ ఉన్నాయి. గూగుల్ వాళ్ల 2004 నాటి మ్యాప్‌రెడ్యూస్ (పనిని చాలా మెషీన్లకు పంచి డేటా ప్రాసెస్ చేసే సిస్టమ్) పేపర్ చూడండి: చివర్లో మిగిలిన టాస్కులకు బ్యాకప్ కాపీలు నడపకపోతే సార్టింగ్‌కి 44 శాతం ఎక్కువ సమయం పట్టింది. అక్కడ గొడవ రాకపోవడానికి కారణం, రెడ్యూస్ టాస్క్ (చివరి ఫలితాన్ని రాసేది) ముందు తాత్కాలిక ఫైల్‌లో రాసి, పూర్తయ్యాక దాని పేరును అటామిక్‌గా, అంటే సగంలో ఆగకుండా ఒకే దెబ్బలో మార్చడం. ఎన్ని కాపీలు నడిచినా చివరికి మిగిలేది ఒక్క ఫలితమే. మీరు టెస్ట్ చేయాల్సింది కూడా దాన్నే.

మా దగ్గర జరిగింది ఇది. షెడ్యూలర్ వేగంగా ఉన్న వర్కర్‌కి ఇంకా ఇంకా పని ఎక్కించేది. దాని మెమరీ నిండేది, గార్బేజ్ కలెక్షన్‌లో (వాడని మెమరీని ఖాళీ చేసే పనిలో) ప్రాసెస్ మొత్తం ఆగిపోయేది. ఈలోగా లీజు (జాబ్ మీద వర్కర్‌కి కొంతసేపు ఇచ్చే హక్కు) గడువు దాటి జాబ్ వేరే వర్కర్‌కి వెళ్లేది. మొదటిది మళ్లీ కదిలాక, లీజు ఇంకా తన దగ్గరే ఉందనుకుని డేటాబేస్‌లో రాసేసేది. అంటే అరుదుగా రావాల్సిన పరిస్థితిని అడాప్టివ్ లాజిక్కే తరచుగా తెచ్చిపెడుతోంది! అందుకే షెడ్యూలింగ్‌నీ లీజు ప్రోటోకాల్‌నీ విడివిడిగా టెస్ట్ చేస్తే ఇది ఎప్పటికీ బయటపడదని నా గట్టి అభిప్రాయం.

దీన్ని ఆపింది ఫెన్సింగ్ టోకెన్. జాబ్‌ని అప్పగించిన ప్రతిసారీ పెరిగే ఒక నంబర్ ఇవ్వండి. ఇప్పటికే చూసిన దానికంటే చిన్న నంబర్‌తో ఏదైనా రాయబోతే స్టోరేజే తిరస్కరించాలి. ఈ చెక్ వర్కర్‌లో పెడితే లాభం లేదు, చెక్ చేశాక రాసేలోపు కూడా అది ఆగిపోవచ్చు.

పట్టుకోవడానికి డిటర్మినిస్టిక్ సిమ్యులేషన్ (ప్రతిసారీ అచ్చం ఒకేలా నడిచే అనుకరణ) వాడాం. ఫౌండేషన్‌డీబీ అనే డేటాబేస్‌ని ఈ పద్ధతిలోనే టెస్ట్ చేస్తారు. గడియారం, నెట్‌వర్క్, ర్యాండమ్ నంబర్లు అన్నీ మీ చేతిలో ఉండాలి. మొత్తం క్లస్టర్ ఒకే థ్రెడ్‌లో, ఒకే సీడ్‌తో (ర్యాండమ్ నంబర్లన్నిటికీ మూలమైన నంబర్‌తో) నడవాలి. ఫెయిలైన సీడ్‌ని మళ్లీ ఇస్తే అదే బగ్ అదే చోట వస్తుంది, డీబగ్గింగ్ టెన్షన్ సగం అక్కడే తీరిపోతుంది. మెసేజ్‌లు పోవడం, ఆలస్యం కావడం, రెండుసార్లు రావడం లాంటి లోపాలు చాలామంది పెడతారు. వర్కర్‌ని మధ్యలో ఆపి మళ్లీ కదిలించడం మరిచిపోతారు, మా బగ్ దొరికింది అక్కడే. ప్రతి అడుగు తర్వాత రెండు చూడండి: ఒక జాబ్‌కి ఒకే ఫలితం ఉందా, టోకెన్ ఎక్కడైనా వెనక్కి వెళ్లిందా. లోపాలు ఆపేశాక అన్ని జాబ్‌లూ పూర్తవుతున్నాయో లేదో కూడా చూడాలి, లేకపోతే ఏ పనీ చేయని షెడ్యూలర్ కూడా పాసైపోతుంది.

డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌ని టెస్ట్ చేసే జెప్సెన్ లాంటి టూల్స్ అసలు ప్రాసెస్‌ల మీద నడుస్తాయి కాబట్టి వాటిని ఆ తర్వాత పెట్టుకోవచ్చు. మీ కోడ్ అంతా నేరుగా సిస్టమ్ టైమ్ చదువుతుంటే, ముందు లీజు, అప్పగింత భాగాల్లో మాత్రం గడియారాన్ని బయటినుంచి ఇచ్చేలా మార్చి, పాజ్ ఒక్కటే పెట్టి నడిపి చూడండి.