గర్భసంచి తీయించేయమంటున్నారు, నాకేమో మనసొప్పట్లేదు

ప్రశ్న: మేడమ్, నాకు 35 ఏళ్లు, నల్గొండలో ప్రైవేట్ స్కూల్లో టీచర్ని. ఒక పాప, 8 ఏళ్లు. మూడేళ్ల నుంచి డేట్ వస్తే ఎనిమిది తొమ్మిది రోజులు గడ్డలు గడ్డలుగా బ్లీడింగ్, పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. ఆ రోజుల్లో నల్ల చుడీదార్లే వేసుకుంటా, బండి సీటు మీద పాత టవల్ వేసుకుని కూర్చుంటా. ఎమ్మారైలో అడినోమయోసిస్ అని వచ్చింది, హిమోగ్లోబిన్ 7.8. ఇక్కడి డాక్టరమ్మ గర్భసంచి తీయించేయమన్నారు. హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్ మాత్రం సంచి ఉంచి పాడైన భాగం వరకు లాప్రోస్కోపీలో తీయొచ్చన్నారు. అత్తయ్యేమో 'పిల్ల ఉందిగా, ఇంక ఆ సంచి దేనికి, రేపు క్యాన్సరైతే ఎవరు చూస్తారు' అంటారు. మా ఆయన్ని అడిగితే 'నీ ఇష్టం' అంటారు గానీ బాబు కావాలని ఆయన మనసులో ఉంది. రాత్రిళ్లు దగ్గరకు రానివ్వట్లేదని అలక కూడా. సంచి తీసేస్తే నేను మునుపటిలా ఉంటానా అని భయంగా ఉంది. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు ఆ 7.8 సంగతి చూడండి. ఏ ఆపరేషన్ అన్నది తర్వాత, ఆ రక్తంతో రోజుకి ఆరు క్లాసులు నిలబడి పాఠం చెప్తున్నారంటేనే నాకు కంగారుగా ఉంది. అర్జెంటైతే తప్ప ఆ హిమోగ్లోబిన్‌తో ఎవరూ ఆపరేషన్ పెట్టుకోరు కూడా. మాత్రలు పడకపోతే ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తారు, దాని గురించి ఈ వారమే అడగండి. బ్లీడింగ్ తగ్గడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ లాంటివి ఎక్కువగా పోయే నాలుగైదు రోజులకి ఇస్తారు. రక్తం కాస్త పెరిగితే ఒళ్లే కాదు, ఆలోచన కూడా కుదుటపడుతుంది, నీరసంలో ఉన్నప్పుడు ఎవరు గట్టిగా చెప్తే వాళ్ల మాటకి తలూపేస్తాం.

ఇక జబ్బు సంగతి. గర్భసంచి లోపలి పొర నెలనెలా బయటికి పోవాల్సింది కదా, ఆ పొర కణాలు సంచి కండరంలోకి చొచ్చుకుపోయి అక్కడే ఉబ్బుతూ ఉంటాయి, అందుకే సంచి పెద్దదై బరువుగా ఉంటుంది, అంత నొప్పి అందుకే. ఇది క్యాన్సర్ కాదు. అత్తయ్యగారి భయం కొట్టిపారేయక్కర్లేదు, డేట్‌కీ డేట్‌కీ మధ్యలో కూడా బ్లీడింగ్ అవుతుంటే లోపలి పొర ముక్క తీసి టెస్టుకి పంపుతారు, చేయించారా లేదా అడగండి, దాంతో ఆ భయం తేలిపోతుంది. అంతేగానీ రేపెప్పుడో క్యాన్సర్ వస్తుందని ఈ రోజు సంచి తీయించుకోవడం లెక్క కాదు.

ఫైబ్రాయిడ్ గడ్డ అయితే దాని చుట్టూ అంచు ఉంటుంది, ఒలిచి తీయొచ్చు. ఇది గోడకి చెమ్మ పట్టినట్టు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో కంటికి స్పష్టంగా తెలీదు. అందుకే సంచి ఉంచి చేసే సర్జరీ కష్టం, అందుకే చాలామంది డాక్టర్లు మొత్తం తీసేద్దాం అంటారు. దాన్ని తప్పుపట్టను, నొప్పీ బ్లీడింగూ మళ్లీ రాకుండా ఖాయంగా పోవాలంటే ఇప్పటికీ గర్భసంచి తీయడమే దారి. కానీ 35 ఏళ్లకి అదే మొదటి మాట కాకూడదు. మన దగ్గర అది మరీ తేలికైన మాట అయిపోయింది, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రాలో 8.9, తెలంగాణలో 7.7. మన ఆడవాళ్లకే ప్రత్యేకంగా జబ్బులు ఎక్కువా? కాదు కదా. అనవసరంగా తీయొద్దని 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో సుప్రీంకోర్టు వాటిని రాష్ట్రాలన్నీ పాటించాలంది, అంతదాకా వెళ్లింది వ్యవహారం.

మీరు రాయనిది ఒకటుంది. ఇన్నేళ్లలో హార్మోన్ మాత్రలు ఏమైనా వాడారా? డైనోజెస్ట్ అని మాత్ర ఉంటుంది, మిరెనా అని గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంటుంది, ఈ రెండింటితోనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవాళ్లు బోలెడుమంది. మొదట్లో కొన్ని నెలలు మరకలు మరకలుగా కనిపిస్తుంది, అది చూసి బెదిరి మానేస్తారు. సంచి బాగా పెద్దదైతే లూప్ జారిపోయే అవకాశమూ ఉంది. ఇవి వాడుతున్నన్నాళ్లు గర్భం కోసం ప్రయత్నించడం కుదరదు, అందుకే అసలు ప్రశ్న దగ్గరికి రావాలి: ఇంకో బిడ్డ కావాలా వద్దా?

ఆ ప్రశ్నకి జవాబు తెలీకుండా ఏ డాక్టరూ మీకు సరైన సలహా చెప్పలేరు. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారని మీరు కంగారుపడుతున్నారు, ఒకరికి మీరు 'ఒక పాప ఉంది, చాలు' అన్నట్టు వినిపించి ఉండొచ్చు, ఇంకొకరికి 'ఇంకో బిడ్డ కావాలి' అన్నట్టు. వద్దు అనుకుంటే మాత్రలు, లూప్, అవి పనిచేయకపోతే గర్భసంచి రక్తనాళాలు మూసే ఎంబొలైజేషన్ అని ఉంది, తొడ దగ్గరో మణికట్టు దగ్గరో సన్నటి గొట్టం పెట్టి చేస్తారు, కోత ఉండదు. చర్మం కోయకుండా అల్ట్రాసౌండ్ తరంగాలతో పాడైన భాగాన్ని మాడ్చే హైఫూ పద్ధతి ఉంది, అది చైనాలో ఎక్కువ చేస్తారు. బిడ్డ కావాలనుకుంటే మాత్రం ఎంబొలైజేషన్ మామూలుగా మొదటి మాట కాదు, అప్పుడు మీ హైదరాబాద్ డాక్టర్ చెప్పిన సర్జరీ లెక్కలోకి వస్తుంది.

ఆ డాక్టర్ని అడగాల్సింది, నాది ఒకచోట గడ్డలా ఉందా, గోడంతా పాకిందా అని. ఒకచోటే ఉంటే లాప్రోస్కోపీలో తీసి కుట్టడం సాధ్యమే. అంతా పాకితే చిన్న రంధ్రాల నుంచి చేయడం చాలా కష్టం. జపాన్‌లో ఒసాడా అనే డాక్టర్ 2011లో రాసిన ట్రిపుల్ ఫ్లాప్ పద్ధతి ఉంది, సంచి గోడని పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి వేసి కుడతారు, అది కూడా పొట్ట తెరిచే చేశారు. చిన్న కోత అంటే మంచి ఆపరేషన్, పెద్ద కోత అంటే చెడ్డది అని అనుకోకండి, లోపల కుట్టు గట్టిగా పడిందా లేదా అన్నదే ముఖ్యం. ఎందుకంటే తర్వాత గర్భం వస్తే ఆ కుట్టు దగ్గర సంచి చీలిపోయే ప్రమాదం ఉంది, అది తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. అందుకే సర్జరీ అయ్యాక కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా ఆగమంటారు, కాన్పు సిజేరియనే చేస్తారు. కొంత జబ్బు లోపల మిగిలి మళ్లీ తిరగబెట్టొచ్చు కూడా. ఇలాంటివి మీరు ఎన్ని చేశారు, వాళ్లలో గర్భం వచ్చినవాళ్లు ఎందరు అని మొహమాటం లేకుండా అడగండి, విసుక్కునే డాక్టరైతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

సంతకం పెట్టే కాగితం పూర్తిగా చదవండి. 'అవసరమైతే గర్భసంచి తొలగించుటకు' అనే లైన్ ఉంటుంది. బ్లీడింగ్ ఆగకపోతే ప్రాణం కాపాడటానికి అది కావాల్సిందే, కానీ ఏ పరిస్థితిలో అలా చేస్తారో ముందే చెప్పించుకోండి, మీ ఆయన పక్కన ఉండగా.

ఆయన విషయానికొస్తే, 'నీ ఇష్టం' అనడం మీకు స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదమ్మా, రేపు ఏం జరిగినా నేను చెప్పలేదే అనడానికి దారి ఉంచుకోవడం. తెలిసి చేస్తున్నారని అనను, చాలామంది మగాళ్లకి ఈ విషయం మాట్లాడటమే రాదు. పాప పడుకున్నాక సూటిగా అడగండి, ఇంకో బిడ్డ కావాలా, ఇంత రిస్క్ ఉన్నా కావాలా అని. బాబే పుడతాడని ఏ సర్జరీ గ్యారంటీ ఇవ్వదు, అది కూడా చెప్పండి. దగ్గరకు రానివ్వట్లేదన్న అలక గురించి ఒక్క మాట, ఈ జబ్బులో కలయికప్పుడు లోపల నొప్పి రావడం మామూలే. అది మీరు ఆయనకి చెప్పారా? చెప్పకపోతే ఆయన తనంటే ఇష్టం లేదనుకుంటారు, మీరేమో నొప్పి ఆయనకి పట్టదనుకుంటారు. సిగ్గనిపిస్తే డాక్టర్ చేతే చెప్పించండి.

సంచి పోతే మునుపటిలా ఉంటానా అన్నారు. అండాశయాలు ఉంచితే హార్మోన్లు వెంటనే ఆగిపోవు, కొందరికి మెనోపాజ్ కాస్త ముందొస్తుంది అంతే. కాపురానికీ అడ్డం రాదు. పిల్లలు వద్దనుకుని, మందులన్నీ వాడి చూసి, ఇక నావల్ల కాదని రేపు మీరే తీయించుకుంటే అదేం ఓడిపోవడం కాదు, తప్పు అంతకన్నా కాదు.

అత్తయ్యగారికి మీరు జవాబు చెప్పకండి, మీ ఆయన చెప్పాలి. ఆమె కాలంలో ఈ నొప్పికి ఉన్న మందు అదొక్కటే, చెడు కోరి అనడం లేదు. కానీ పగ్గాలు ఆమె చేతిలో పెట్టక్కర్లేదు. 'డాక్టర్ మందులిచ్చారమ్మా, మూడు నెలలు చూసి చెప్తామన్నారు' అని ఆయన ఒక్క ముక్క అంటే చాలు.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఆయన్ని వెంటబెట్టుకెళ్లండి, బయట బెంచీ మీద కూర్చోబెట్టకుండా డాక్టర్ రూమ్‌లోకి తీసుకెళ్లండి. రిపోర్ట్ కాగితం ఒక్కటే సరిపోదు, ఎమ్మారై సీడీ కూడా పట్టుకెళ్లండి, సర్జరీ చేసే మనిషి ఆ బొమ్మలు స్వయంగా చూడాలి. ఖర్చు ఎంతో కాగితం మీద రాయించుకుని, మీ ఇన్సూరెన్స్‌లో ఈ సర్జరీకి కవర్ ఉందో లేదో అడ్మిట్ అయ్యే ముందే కనుక్కోండి.