పట్టా స్థలాన్ని నోటరీ కాగితం మీద కొనొచ్చా?

ప్రశ్న: తిరుపతిలో అద్దెకుంటున్నాం. మా ఆయన ఆటో నడుపుతారు. తెలిసిన అక్క ఒకామె 2020 డిసెంబరులో ప్రభుత్వం తనకిచ్చిన సెంటు స్థలాన్ని మాకు అమ్ముతానంటోంది. రిజిస్ట్రేషన్ కాదట. నోటరీ అగ్రిమెంటు, జీపీఏ (ఆమె తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం), వీలునామా మూడూ రాసిస్తుందట. 50 వేలు అడ్వాన్సు ఇచ్చాం. మిగతాది కట్టేయొచ్చా? – ఒక సోదరి

జవాబు: కట్టకండమ్మా. ఒక్క రూపాయి కూడా ఇక ఇవ్వకండి.

ప్రభుత్వమిచ్చిన పట్టా భూములకు 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వర్తిస్తుంది. తర్వాత చేసిన సవరణల ప్రకారం ఇంటి స్థలాన్ని పట్టా ఇచ్చిన 10 ఏళ్ల తర్వాతే అమ్ముకోవచ్చు. అంటే ఈ స్థలానికి 2030 డిసెంబరు దాకా ఆగాలి. ఈలోగా ఏం రాసుకున్నా చెల్లదు. తహసీల్దారు స్థలం వెనక్కి తీసుకోవచ్చు, కొన్నవాళ్ల మీద కేసూ పెట్టొచ్చు.

మూడు కాగితాలున్నాయి కదా అనే ధైర్యం వద్దు. ఈ మూడింటితో స్థలం మీద హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. ఆ అక్కకు ఏమన్నా అయితే జీపీఏ ఆ రోజే ఆగిపోతుంది. వీలునామాను బతికున్నన్నాళ్లు ఎన్నిసార్లయినా మార్చి రాసుకోవచ్చు. రేపు ఆమె పిల్లలొచ్చి "ఇది మా అమ్మ స్థలం" అంటే మీరు చూపించగలిగింది నోటరీ ముద్ర ఒక్కటే.

సెంటంటే మన లెక్కలో 12 అంకణాలు. రేణిగుంట దాకా ఊరు పెరిగి, రేట్లు చుక్కలనంటుతుంటే ఆ 12 అంకణాల మీద మీకు ఆశ పుట్టడంలో తప్పులేదు. కానీ ఈ నిబంధన లేకపోతే పేదలకిచ్చిన స్థలాలన్నీ ఏడాది తిరిగేసరికి బ్రోకర్ల చేతుల్లో ఉండేవి. మీకు కష్టమనిపించినా ఈ నిబంధన ఉండాల్సిందే.

ఇక అడ్వాన్సు సంగతి. అమ్మకూడదని ఇద్దరికీ తెలిసే రాసుకున్నారని తేలితే, ఆ డబ్బు ఇప్పించడానికి కోర్టు ఒప్పుకోకపోవచ్చు. అందుకే ముందు పెద్దమనుషులను కూర్చోబెట్టి అడగండి. డబ్బు చేతికొచ్చేదాకా అగ్రిమెంటు ఒరిజినల్ తిరిగివ్వకండి. వినకపోతే లాయరు నోటీసు పంపండి. దావాకు సాధారణంగా మూడేళ్లే గడువు, నాన్చొద్దు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. తిరుపతి కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి. మీకు ఎక్కడా సొంతిల్లు లేకపోతే, మీ పేరు మీదే ఇంటి స్థలం కోసం వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకోండి.