బొమ్మ తర్వాత గీయొచ్చు, ముందు కందికాయ ఇయ్యి

బిడ్డా,

పదో తరగతికి మొక్కల పునరుత్పత్తి ఎట్ల చెప్పాలె అని అడిగినవు. పువ్వు బొమ్మ గీసి భాగాలు రాయించుడు అప్పుడే వద్దు. మీ దేవరకొండ దిక్కు సంక్రాంతి ముందట కంది కాయ మీద ఉంటది. పువ్వు, పిందె, కాయ మూడూ ఉన్న కొమ్మలు తెప్పియ్యి.

ముందు కాయనే చేతికియ్యి. దాని కొనకు సన్నటి ముల్లు లెక్క ఒకటి ఉంటది. అదేందో చెప్పకు. పువ్వు రేకులు తీయించు. తొమ్మిది కేసరాలు కలిసి గొట్టమై ఉంటయి, పదోది విడిగ ఉంటది. గొట్టం చీలిస్తె లోపల పచ్చటి అండాశయం, దాని కొనకు కీలం అనే సన్నటి కాడ. కాయ ముల్లు ఎక్కడిదో పిల్లలే చెప్తరు.

ఇగ కాయ వొలిపియ్యి. గింజలన్నీ ఒకే అంచుకు అంటుకొని ఉంటయి. కొన్ని కాయలల్ల నడుమ ఒక అర ఖాళీగ, ముడుసుకపోయిన చుక్కతోని కనపడుతది. అది గింజ కాలేకపోయిన అండం. ఫలదీకరణే జరగలేదో, జరిగినంక తిండి చాలలేదో. సిలబస్ ఎంత వెనకబడ్డా ఆ చుక్క కాడ ఆగు, పిల్లలను వాదించుకోనియ్యి.

బొబ్బర్లు రాత్రి నానబెట్టు. పొద్దున తుడిచి మెల్లగ ఒత్తితె కన్ను పక్కన నీటిబొట్టు ఊరుతది, బీజరంధ్రం అదే. తోలు తీస్తె రెండు పప్పుల నడుమ మొలక. నానిన మక్కగింజను మాత్రం నువ్వే బ్లేడుతోని కోసి, టింక్చర్ అయోడిన్ చుక్కెయ్యి. అంకురచ్ఛదం, అంటె మొలకకు తిండి దాచే భాగం, నల్లబడుతది.

ఆముదం గెల కూడ చూపియ్యి. పైన ఆడపువ్వులు, కింద మగపువ్వులు, ఒకే గెలకు. గింజలు మాత్రం పిల్లల చేతికియ్యకు, అవి విషం. నోట్ల పెట్టుకునేటోడు ఒకడన్న ఉంటడు.

వనపర్తి దిక్కు చుట్టాలుంటె యాసంగి పల్లిచెట్టు వేర్లతోని తెప్పియ్యి. పువ్వు మన్ను పైననే పూసి, తన పుప్పొడితోనే ఫలదీకరణ చెంది వాడిపోతది. తర్వాత ఊడ అనే సన్నటి కాడ దిగి, కొనల ఉన్న అండాశయాన్ని మన్నుల దించుతది. పల్లికాయ వేరు కాదని నోటితోని ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు, ఊడను పట్టుకొని పైకి పోతె నమ్ముతరు.

దుకాణంల రంగు పట్టించి అమ్మే విత్తనాలు తరగతికి తేకు, వాటికి మందు ఉంటది. కంది కొమ్మలు తెంపే ముందు కూడ, ఈ మధ్యల మందు కొట్టిండ్రా అని రైతును అడుగు.

మీ పెద్దనాయిన