లాక్‌డౌన్‌లో పెరిగింది చేపలా, గాలాలా?

"కరోనా అప్పుడు జనం బయటికి రాలేదు కాబట్టి గోదావరిలో, చెరువుల్లో చేపలు బాగా పెరిగాయంటారు. వరంగల్ వైపు గాలం వేసేవాళ్లు చెప్పండి, నిజమేనా?" అని అడిగారు.

జనం బయటికి రాలేదని ఎవరన్నారండీ? సిటీలో రాలేదేమో. పరకాల వైపు మా ఊరి చెరువు గట్టు మీద అంతమంది గాలాలతో కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టేసరికి హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే పిల్లలంతా ఊరు చేరారు. చేతిలో పని లేదు. చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారు కూడా పూర్తిగా పోలేదు, ఫిబ్రవరి చివర్లో మంత్రులే స్టేజీ మీద తిని చూపించినా సరే. ఇంకేం, సగం దించిన షట్టర్ కింద నుంచి తంగుసు (నైలాన్ దారం) చుట్ట, గాలాలు కొనుక్కుని, వెదురు కట్టె నరుక్కుని బయల్దేరారు. పోలీసు సైరన్ వినపడితే కట్టెలు తుమ్మచెట్ల వెనక పడేసి పొలం చూసుకునే రైతుల్లా నిలబడేవాళ్లు.

నిజంగా గట్టు ఖాళీ అయింది 2021లో. మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్, మొదట్లో సడలింపు పొద్దున 6 నుంచి 10 దాకా. చేప కరిచే వేళ కూడా అదే, కానీ ఇంటింటా జ్వరాలు, ఆక్సిజన్ టెన్షన్. గాలం ఎవరికి గుర్తొస్తుంది?

ఇక చేపల సంగతి. మా చెరువును ఎండాకాలంలో, నీళ్లు తగ్గాక మత్స్యకారుల సంఘం వాళ్లు పడతారు. 2020లో సరిగ్గా ఆ సీజన్‌కే అంతా బంద్. చేపల పనులకు కేంద్రం ఏప్రిల్ 10న మినహాయింపు ఇచ్చింది గానీ, బండ్లు, ఐసు, కొనేవాళ్లు లేక కొన్నాళ్లు వలలు దించలేదు. ఆ వారాల్లో చేప కాస్త బరువెక్కింది, అంతే. మృగశిర కార్తె నాటికి సడలింపులు వచ్చాయి, ఆగిన వలలన్నీ ఒకేసారి పడ్డాయి. హైదరాబాద్‌లో చేప ప్రసాదం ఆపేశారు గానీ ఊళ్లో చేపల కూర ఎవరు ఆపుతారు?

అసలు బొచ్చె, రవ్వ లాంటివి చెరువులో నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి వానాకాలం పారే వరద కావాలి. అందుకే ఏటా చేప పిల్లల్ని తెచ్చి వదులుతారు. ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2016లో మొదలైంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మనం ఇంట్లో కూర్చున్నంత మాత్రాన కొత్త చేప పుట్టదు. మాకు తేడా తెలిసింది వరంగల్ కాలనీలు మునిగిన ఆ ఆగస్టు వానలకే. చెరువులు నిండి మత్తళ్లు (అలుగులు) దుంకాయి, పై చెరువుల చేప కిందికి కొట్టుకొచ్చింది.

గాలాల వల్ల దెబ్బతిన్నది, నేను చూసినంతలో, కొర్రమట్ట, అంటే కొర్రమీను. పేరుకు మన రాష్ట్ర చేప. తొలకరికి అంచున గడ్డిలో గుడ్లు పెడుతుంది. ఎర్రటి పిల్లలు గుంపుగా పైకొచ్చి గాలి మింగి మునుగుతుంటే నీళ్ల మీద సన్నగా తుంపర పడ్డట్టుంటుంది. కిందే పెద్ద చేపల కాపలా. ఆ గుంపు మీద కప్పను గుచ్చిన గాలం ఆడిస్తే, ఆకలి లేకపోయినా పిల్లల కోసం దూకి కరుస్తుంది. దాన్ని లాగేస్తే కాపలా లేని పిల్లలు మిగతా చేపలకు మేతే. లాక్‌డౌన్‌లో గాలం నేర్చిన మా కుర్రాళ్లు జూన్, జూలైలో చేసింది ఇదే. ఆ తర్వాత మా చెరువులో కిలో కొర్రమట్ట పడటం బాగా తగ్గింది.

గోదావరి లెక్క వేరు. నది మీద మేడిగడ్డ బరాజు 2019 జూన్‌లో ప్రారంభమైంది, మరుసటి ఏడే కరోనా, దాని వెనకే పెద్ద వరద. దాని దిగువన మంగపేట దగ్గర వాలుగ చేప ఎక్కువ పడితే అది లాక్‌డౌన్ పుణ్యమా, బరాజుదా, వరదదా అని ఎట్లా విడదీస్తాం? ఇంగ్లండ్‌లో గాలానికీ లైసెన్సు ఉండాలి. 2020 మార్చిలో గాలం ఆపి మే 13న మళ్లీ వదిలారు. అక్కడ ఎంతమంది గాలం పట్టారో కాగితం చెబుతుంది. మన దగ్గర వెదురు కట్టెకు రిజిస్టరు ఎవరు రాస్తారు? మీరు వాలుగ కోసమే మంగపేట పోయేదుంటే వరద తగ్గి నీళ్లు తేటబడ్డాక పోండి, ఎరగా చిన్న చేప పెట్టండి.