డ్రైవ్ మారిస్తే వారంటీ పోతుందా?

ప్రశ్న: మాది కడప. ఉద్యోగం వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. సొంతంగా నేర్చుకోవడానికి విండోస్, ఉబుంటు (ఒక రకం లినక్స్), ఇంకో లినక్స్ అనే మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేర్వేరు డ్రైవ్‌లలో పెట్టుకుని, అవసరాన్ని బట్టి మార్చుకుంటూ వాడాలని ఉంది. ఎస్.పి. రోడ్‌లో ఒక షాపతను ఒక లాప్‌టాప్ చూపించి "వెనక మూత తీస్తే చాలు సార్, రోజూ మార్చుకోవచ్చు" అన్నాడు. అదే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "మూత విప్పితే వారంటీ ఉండదు" అన్నారు. ధర 70 వేలు దాటుతోంది. ఎవరి మాట చెల్లుతుంది? ఏం చూసుకుని కొనాలి?

జవాబు: మీరింకా డబ్బు కట్టలేదు. అదే మంచిదైంది. కొన్నాక గొడవ పడి వచ్చేవాళ్లకు నోటీసుతో మొదలుపెట్టాలి, మీకు మాత్రం ఒక మెసేజ్‌తో పనైపోతుంది.

సర్వీస్ సెంటర్ వాళ్లు ఫోన్లో చెప్పింది చట్టం కాదు, వారంటీ షరతు కూడా కాకపోవచ్చు. ఆ మోడల్‌కి కంపెనీ ఇచ్చే వారంటీ కాగితం, సర్వీస్ మాన్యువల్ రెండూ తెప్పించుకుని చదవండి. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్ లాంటి ఆఫీసు తరహా మోడళ్లకి ఏ భాగాన్ని ఎలా విప్పాలో కంపెనీలే మాన్యువల్‌లో రాసి బయట పెడతాయి. కొనుగోలుదారు స్వయంగా మార్చుకోదగిన భాగాలేవో కొన్ని కంపెనీలు విడిగా పట్టిక కూడా ఇస్తాయి. మీ మోడల్ పట్టికలో ఎస్‌ఎస్‌డీ (స్టోరేజీ డ్రైవ్) ఉంటే, మూత విప్పినందుకే వారంటీ లేదనడం వాళ్ల కాగితానికే విరుద్ధం. ఆ పేజీ ఈరోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. మామూలు పల్చటి మోడళ్లలో అలాంటి భరోసా తక్కువ. కొన్నిట్లో స్టోరేజీని బోర్డుకే సోల్డర్ చేసేస్తారు, అవి మీకు పనికిరావు.

పట్టికలో లేకపోతే? రిపేరు హక్కు మీద మన దేశంలో ఇంకా ప్రత్యేక చట్టం లేదు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న ఒక పోర్టల్ మాత్రం తెచ్చింది. యూట్యూబ్‌లో "మూత విప్పితే వారంటీ పోతుందనడం చట్టవిరుద్ధం" అని చెప్పేవాళ్లు చాలావరకు అమెరికాలోని 1975 నాటి చట్టాన్ని పట్టుకుని మాట్లాడతారు. అది ఇక్కడ చెల్లదు. మనకు ఆసరాగా ఉన్నది 2014లో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీని కాపాడే సంస్థ) 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వు. బయట రిపేరు చేయించారని వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, ఆ రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే రద్దు చేయవచ్చని అందులో అన్నారు. అది కార్ల కేసు, పోటీ చట్టం కింద వచ్చింది, తర్వాత అప్పీళ్లకూ వెళ్లింది. కాబట్టి దాన్నే బ్రహ్మాస్త్రం అనుకోకండి. అయినా ఆ తర్కం లాప్‌టాప్‌కీ సరిపోతుంది: స్క్రీన్ పోయిందని వెళితే, మీరు ఎస్‌ఎస్‌డీ మార్చడానికీ స్క్రీన్‌కీ సంబంధమేమిటో చెప్పాల్సింది కంపెనీయే అని వినియోగదారుల కమిషన్ ముందు గట్టిగా వాదించవచ్చు.

ఇక షాపతని మాట. మీకు అసలు బలం ఇక్కడే ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ఫలానా పని కోసం కావాలని అమ్మేవాడికి తెలియజేసి, అతని అనుభవం మీద ఆధారపడి కొంటే, ఆ వస్తువు ఆ పనికి పనికొచ్చేదై ఉండాలి. కానీ అదే సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. మీరే మోడల్ పేరు చెప్పి "అదే ఇవ్వండి" అని కొంటే ఈ రక్షణ వర్తించదు. ఇంటర్నెట్‌లో నెల రోజులు రివ్యూలు చూసి, షాపుకెళ్లి మోడల్ నంబరు అడిగే మన సాఫ్ట్‌వేర్ పిల్లలందరూ తెలియకుండానే ఈ హక్కు వదులుకుంటున్నారు. అందుకని షాపతనికి వాట్సాప్‌లో ఇలా పంపండి: "నాకు వేర్వేరు డ్రైవ్‌లు తరచూ మార్చుకుంటూ వాడాలి. నెలకు ఇన్నిసార్లు మారుస్తాను. దీనికి తగిన లాప్‌టాప్ ఏది? వారంటీ దెబ్బతింటుందా?" జవాబు రానివ్వండి. నోటితో చెప్పిన తప్పుడు మాట కూడా వినియోగదారుల చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి కిందకే వస్తుంది, కానీ రుజువు చేయడం కష్టం. బిల్లు వెనక ఉన్న షరతులు కూడా చదవండి, 16వ సెక్షన్ ఇచ్చే హక్కును ఒప్పందంతో తీసేసే వీలుంది.

"నెలకు ఇన్నిసార్లు" అని ఎందుకు రాయమన్నానంటే, ఇప్పటి లాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీని గుచ్చే ఎం.2 సాకెట్‌ని సాధారణంగా 60 సార్లు తీసి పెట్టే లెక్కతోనే తయారుచేస్తారు. సులువుగా మార్చుకోవచ్చు అనడం వేరు, రోజూ మార్చుకోవచ్చు అనడం వేరు. రోజూ మారిస్తే మూడో నెలకే సాకెట్ వదులైపోవచ్చు. అప్పుడు "ఇది వాడకంలో అరుగుదల" అని కంపెనీ అంటే నేను కూడా పెద్దగా వాదించలేను. నా మాట వింటే, రెండు ఎం.2 స్లాట్లున్న మోడల్ తీసుకోండి. రెండు డ్రైవ్‌లూ లోపలే ఉంచి, ఆన్ చేసేటప్పుడు ఏ డ్రైవ్‌తో మొదలవ్వాలో బూట్ మెనూలో ఎంచుకోండి. మూడోదాన్ని యూఎస్‌బీ-సీ ఎస్‌ఎస్‌డీలో పెట్టుకోవచ్చు. నిజంగానే రోజూ తీసి పెట్టాలంటే పానాసోనిక్ టఫ్‌బుక్ లాంటి రగ్డ్ (దెబ్బలకు తట్టుకునే) రకాల్లో స్క్రూడ్రైవర్ లేకుండా తీసే డ్రైవ్‌లుంటాయి. ధర మాత్రం మీ బడ్జెట్‌లో ఇమడదు.

లైసెన్సు సంగతి. లాప్‌టాప్‌తో వచ్చే విండోస్ ఆ మెషీన్‌కే కట్టుబడి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ మార్చినంత మాత్రాన లైసెన్సు పోదు. కానీ అది ఒక్క ఇన్‌స్టలేషన్‌కే. ఆ డ్రైవ్ తీసి స్నేహితుడి మెషీన్‌లో పెట్టి వాడటం కుదరదు. మాక్ ఓఎస్‌ని ఆపిల్ కంప్యూటర్ల మీద తప్ప వాడటానికి ఆ కంపెనీ లైసెన్సు ఒప్పుకోదు. లినక్స్‌లతో ఈ తలనొప్పి లేదు. కొత్త విండోస్ చాలాసార్లు డ్రైవ్‌ని తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే కీ లేకుండా చదవలేనట్టు తాళం వేస్తుంది. లినక్స్ కోసం సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సిస్టమ్‌నే నడవనిచ్చే రక్షణ) సెట్టింగ్ మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది ముందే రాసి పెట్టుకోండి. పోయిన డేటాకి ఏ వారంటీ బాధ్యత వహించదు.

ఇంత చేసినా తేడా వస్తే, ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. తేలకపోతే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే చోటే వేయవచ్చు, బెంగళూరు అద్దె అగ్రిమెంటు దాచుకోండి. కొన్న ధర ఐదు లక్షల లోపు అయితే కేసుకి ఫీజు లేదు. "వారంటీ షరతే అన్యాయం" అని రాయకండి, అన్యాయ ఒప్పందాల ఫిర్యాదులు రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. "వారంటీ ఉన్నా సేవ నిరాకరించారు" అని రాస్తే జిల్లాలోనే నడుస్తుంది. బిల్లు మీ పేరు మీదే తీసుకోండి. టాక్స్ కలిసొస్తుందని ఏదైనా కంపెనీ జీఎస్టీ నంబరు మీద తీసుకుంటే, "వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారు కారు" అనే వాదన మొదటి వాయిదాకే వస్తుంది.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్తున్నాను. ఇదంతా ఎందుకని ఆఫీసు లాప్‌టాప్ మూత విప్పి మీ డ్రైవ్ పెట్టకండి. యజమాని అనుమతి లేకుండా అలా చేస్తే ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగవచ్చు, ఉద్యోగం సంగతి అంతకంటే ముందే తేలిపోతుంది.